లైకులు వచ్చాయి సరే, జనం వస్తారా?

2019 జూన్‌లో ఫేస్‌బుక్‌లో ఒక ఈవెంట్ పేజీ మొదలైంది. అమెరికాలోని నెవాడా ఎడారిలో ఉన్న ఏరియా 51 సైనిక స్థావరంలోకి అందరం ఒక్కసారిగా దూసుకుపోదాం రండి అన్నది పిలుపు. సరదాకి పెట్టిన ఆ పేజీలో 'వస్తున్నాం' అని నొక్కినవాళ్లు 20 లక్షలు దాటారు. తీరా సెప్టెంబర్ 20న ఆ చుట్టుపక్కలకి చేరుకున్నది కొన్ని వేల మందే. గేటు దాకా వెళ్లినవాళ్లు ఇంకా తక్కువ.

మరుసటి ఏడాది జూన్ 20న ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో ట్రంప్ ఎన్నికల సభ జరిగింది. టికెట్ల కోసం 10 లక్షల మందికి పైగా అడిగారని ప్రచార బృందం ముందే చెప్పుకుంది. 19 వేల మంది పట్టే ఆ ఎరీనాలో ఆ రోజు కూర్చున్నది దాదాపు 6,200 మంది అని అక్కడి అగ్నిమాపక శాఖ లెక్క తేల్చింది. కరోనా భయం ఒక కారణం. రాకూడదనే అనుకుని, టిక్‌టాక్‌లో ఒకరికొకరు చెప్పుకుని సీట్లు బుక్ చేసినవాళ్లు ఆ 10 లక్షల లెక్కని ఉబ్బించడం ఇంకో కారణం.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ 2012 సెప్టెంబర్‌లో నెదర్లాండ్స్‌లోని హారెన్ అనే చిన్న ఊళ్లో జరిగింది. ఒక అమ్మాయి తన పదహారో పుట్టినరోజుకి ఫేస్‌బుక్‌లో పెట్టిన ఆహ్వానం పొరపాటున అందరికీ కనిపించేలా ఉండిపోయింది. అది చేతులు మారి మారి, చివరికి వేల మంది ఆ ఊరి మీద పడ్డారు. షాపులు పగిలాయి, పోలీసులతో ఘర్షణలు జరిగాయి.

ఒకచోట లక్షల్లో నొక్కితే వేలల్లో వచ్చారు. ఇంకోచోట పిలవనివాళ్లు వేలల్లో వచ్చారు. స్క్రీన్ మీది అంకెని నమ్ముకుని కుర్చీలు వేయించేవాళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి. నొక్కడానికి అర సెకను చాలు, పైసా ఖర్చు లేదు. రావాలంటే మాత్రం ఆ సాయంత్రం వేరే పని మానుకోవాలి, ప్రయాణం చేయాలి, పిల్లల్ని ఎవరికో అప్పగించాలి, తోడు ఎవరన్నా ఉన్నారో లేదో చూసుకోవాలి. లైకు ఇష్టాన్ని చెబుతుంది, అంతే. ఆ ఇష్టానికీ గడప దాటడానికీ మధ్య ఉన్న అడ్డంకుల్ని ఒక్కొక్కటే తీసేయడమే ప్రచారం అసలు పని అని నా నమ్మకం. మనలో చాలామంది ఆ పని మొదలుపెట్టకుండానే, పోస్టు బాగా వెళ్లిందని సంతోషపడి ఆగిపోతున్నాం.

మొదటి అడ్డంకి కాలం. ఈవెంట్‌కి తేదీయే ప్రాణం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మామూలుగా చూపించే ఫీడ్‌లకి మాత్రం తేదీల వరుసతో పెద్దగా పనిలేదు. ఎవరికి ఏది నచ్చుతుందో లెక్కగట్టి చూపిస్తాయి. అందుకే కార్యక్రమం అయిపోయిన మూడో రోజున 'అందరూ రండి' అన్న పోస్టు మన ముందుకొస్తుంది. పైగా 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో పేజీల పోస్టుల కంటే స్నేహితులు, కుటుంబసభ్యుల పోస్టులకే పెద్దపీట వేస్తామని ప్రకటించింది. సంస్థ పేజీలో ఒక్కసారి పెట్టి ఊరుకుంటే ఆ కబురు చేరాల్సినవాళ్లకి చేరుతుందని అనుకోవడానికి లేదు. ముందుగా ఒకసారి తేదీ ఖాళీ పెట్టుకోమని, వారం ముందు వివరాలతో, ముందురోజు దారి చెబుతూ, ఆ రోజు పొద్దున గుర్తు చేస్తూ వేర్వేరు పోస్టులు పెట్టాలి. ఒకే పోస్టర్‌ని నాలుగుసార్లు పెడితే చూసినవాళ్లు వేలితో పైకి తోసేస్తారు.

ఇక ఆ పోస్టర్ సంగతి. మామూలుగా ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడండి. పై సగం అతిథుల ఫొటోలు. మధ్యలో కార్యక్రమం పేరు మెరిసే అక్షరాల్లో. 'ఈ ఆదివారం సాయంత్రం' అని ఒక ముక్క. అట్టడుగున చీమల బారులా వేదిక చిరునామా. దాన్ని వాట్సాప్‌లో పంపితే ఫొటో కుదించుకుపోయి ఆ చిన్న అక్షరాలు మసకబారతాయి. కింద విడిగా రాసిన మెసేజ్ రెండు మూడు గ్రూపులు దాటేసరికి ఎక్కడో రాలిపోతుంది. చివరికి బొమ్మ ఒక్కటే మిగులుతుంది. అది వచ్చే వారం ఇంకెవరికో చేరితే 'ఈ ఆదివారం' అంటే ఏ ఆదివారం? తేదీ, నెల, సంవత్సరం, వారం, మొదలయ్యే టైమ్, ముగిసే టైమ్, వేదిక, టికెట్ ఉందా లేదా, ఫోన్ నంబర్. ఇవన్నీ బొమ్మ మీదే, చేతిలో ఫోన్ పట్టుకుని చదవగలిగేంత పెద్దగా ఉండాలి. ముగిసే టైమ్ ఎవరూ వేయరు. ఆఖరి బస్సు అందుకోవాల్సినవాళ్లు మొదట వెతికేది అదే. ఇవే వివరాలు అక్షరాల్లోనూ విడిగా రాయాలి, ఎందుకంటే ఫోన్ చదివి వినిపిస్తే తప్ప తెలుసుకోలేని చూపులేనివాళ్లకి బొమ్మ ఒక్కటే పంపితే చాలదు.

ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద రాసే లింకు నొక్కితే తెరుచుకోదు, ప్రొఫైల్‌లో పేరు కింద ఉండే బయోలో పెట్టాలి. వాట్సాప్‌లో ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మన నంబర్‌ని సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది. ఇలాంటి చిన్న విషయాల దగ్గరే రావాలనుకున్నవాళ్లు తప్పిపోతారు.

అన్నిటికంటే గట్టిది మాత్రం ఒక మనిషి ఇంకో మనిషికి విడిగా పంపే మెసేజ్. 'నేను వెళ్తున్నాను, నువ్వూ వస్తావా?' అన్న ఒక్క వాక్యం ముందు వేల వ్యూస్ దిగదుడుపే. 'దయచేసి షేర్ చేయండి' అని వలంటీర్లని బతిమాలే బదులు, ఒక్కొక్కరు తమకి తెలిసిన ఐదుగురిని పేరు పెట్టి పిలవమనండి. షేర్ చేసినవాళ్లకి పని అయిపోయినట్టు అనిపిస్తుంది. పిలిచినవాళ్లకి మాత్రం వచ్చేదాకా ఆ బాధ్యత ఉంటుంది.

పేరున్నవాళ్లకి డబ్బిచ్చి చెప్పిస్తే జనం కదులుతారు, నిజమే. 2016 డిసెంబర్‌లో ప్రముఖ మోడళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఒక నారింజ రంగు చదరపు బొమ్మ ఫైర్ ఫెస్టివల్ అనే సంగీతోత్సవం టికెట్లని అలాగే అమ్మిపెట్టింది. 2017 ఏప్రిల్‌లో బహమాస్ దీవికి చేరినవాళ్లకి విలాసవంతమైన విల్లాల బదులు, విపత్తుల్లో తలదాచుకోవడానికి వేసే గుడారాలు కనిపించాయి. నిర్వాహకుడికి మోసం కేసుల్లో 2018లో ఆరేళ్ల జైలు పడింది. అక్కడ ప్రచారంలో లోపమేమీ లేదు, ఏర్పాట్ల కంటే అది చాలా ముందుకి వెళ్లిపోయింది. అందుకే ఖాయం కాని అతిథి ఫొటో పోస్టర్ మీద వేయడం కూడా నా దృష్టిలో చిన్న తప్పు కాదు. ఆ ఒక్కరి కోసమే వచ్చేవాళ్లు ఉంటారు.

వేదిక మారినా, కార్యక్రమం రద్దయినా చాలామంది చేసేది పాత పోస్టు డిలీట్ చేయడం. ఫార్వర్డ్ అయిపోయిన కాపీలు దాంతో పోవు, వాటిని పట్టుకునే జనం తాళం వేసిన గేటు దగ్గరికి వస్తారు. అదే పోస్టర్ మీద అడ్డంగా పెద్ద అక్షరాలతో 'రద్దయింది' అని రాసి, మొదటిది వెళ్లిన ప్రతి గ్రూపులోకీ, ప్రతి పేజీలోకీ దాన్ని పంపాలి. ఎక్కడెక్కడ పెట్టామో, ఎవరి ద్వారా పంపామో మొదటి రోజు నుంచే ఒక షీట్‌లో రాసుకుంటే ఇది గంటలో తేలిపోయే పని.