ఆకు ఫోటో ఒక్కటి చూసి ఆంథూరియం పేరు చెప్పలేం

మొక్కలు పెంచేవాళ్ల మధ్య ఈ మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "మీ ఇంట్లో పేరు తెలియని ఆంథూరియం ఉందా? ఆకు ఫోటో తీసి యాప్‌లో పెట్టండి, పేరు వచ్చేస్తుంది. మఖమల్ లాంటి ఆకు మీద తెల్ల ఈనెలుంటే అది క్రిస్టలినం. ఆకులు గూడులా పేర్చుకుని అంచులు అలలు తిరిగితే హుకెరీ. పువ్వులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి వాటిని చూడక్కర్లేదు. వీటిలో దేనికీ సరిపోకపోతే మీకు దొరికింది కొత్త జాతి, చవగ్గా ఇచ్చేయకండి."

ఇందులో ఒక్క వాక్యం కూడా నిలబడదు. ఇలాంటి మాటే నమ్మి నేను మూడేళ్లపాటు ఒక మొక్కని తప్పు పేరుతో పిలిచాను. దాని పిలకని అదే పేరుతో మా అక్కకి ఇచ్చాను, తను ఇంకొకరికి ఇచ్చింది. తప్పు పేరు ఇలాగే ఇల్లిల్లూ తిరుగుతుంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు ఈ మొక్కల సంఖ్య తెలిస్తే పని ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఆంథూరియం మన చేమ, కందల కుటుంబంలోదే. 1829లో షాట్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఈ ప్రజాతికి పేరు పెట్టాడు. ఇప్పటికి పేర్లు పెట్టిన జాతులే వెయ్యికి పైన ఉన్నాయి, ఏటా కొత్తవి చేరుతున్నాయి. చేమ కుటుంబం మొత్తంలో ఇంత పెద్ద ప్రజాతి ఇంకొకటి లేదు. ఇవి సహజంగా పెరిగేది మెక్సికో నుంచి అర్జెంటీనా ఉత్తర భాగం వరకు, కరీబియన్ దీవుల్లో మాత్రమే. అన్నిటికన్నా ఎక్కువ రకాలు కొలంబియా, ఈక్వడార్ అడవుల్లో ఉన్నాయి. ఒకే లోయలోనో, ఒకే కొండవాలులోనో తప్ప ఇంకెక్కడా కనబడని జాతులు కూడా వీటిలో ఉన్నాయి. వెయ్యికి పైబడిన వీటిని రెండు ఆకు లక్షణాలతో తేల్చేస్తామనడం ఎలా కుదురుతుంది?

యాప్ సంగతి త్వరగా చెప్పేస్తాను. జనం పేర్లు రాసి పెట్టిన ఫోటోల నుంచే యాప్ నేర్చుకుంటుంది. ఆ పేర్లు తప్పైతే యాప్ చెప్పేదీ తప్పే అవుతుంది. ఇంకో చిక్కు మొక్క వయసు. ఆంథూరియం క్లావిగెరమ్ పెద్దదయ్యాక దాని ఆకు చేతివేళ్లలా విడివిడి ముక్కలుగా విచ్చుకుంటుంది, చిన్నప్పుడు మాత్రం ఒకే ముక్కగా ఉంటుంది. ఆ రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే ఒకే మొక్కవని ఎవరూ అనుకోరు. వీచీ అనే జాతి ఆకు మీద లోతైన మడతలు చూసి ముచ్చటపడతాం కదా, లేత మొక్కలో అవి సరిగా కనబడనే కనబడవు. మనం కొనేవి ఎక్కువగా లేత మొక్కలే.

అసలు చేతిలో ఉన్నది ఆంథూరియమా, చూడ్డానికి దానిలాగే ఉండే ఫిలోడెండ్రానా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి తొడిమ చూడాలి. ఆకు పలకతో తొడిమ కలిసే చోట చిన్న మోకాలి చిప్పలాంటి ఉబ్బు ఉంటే అది ఆంథూరియం. వెలుగు వైపు ఆకుని తిప్పుకోవడానికి మొక్కకి అది పనికొస్తుంది. దాన్ని జెనిక్యులం అంటారు, లాటిన్‌లో ఆ మాటకి అర్థం చిన్న మోకాలు అనే. ఆకుని పైనుంచి తీసిన ఫోటోలో ఈ ఉబ్బు కనబడదు.

ఇక మఖమల్ ఆకు, తెల్ల ఈనెల మాట. చీకటి అడవి నేల మీద పెరిగే మొక్కల్లో చాలావాటికి ఆకు పైపొర కణాలు చిన్న చిన్న బుడిపెల్లా ఉబ్బి ఉంటాయి. ఆ మఖమల్ మెరుపు అక్కడి నుంచే వస్తుంది. ఒకదానితో ఒకటి దగ్గరి సంబంధం లేని మొక్కల్లో కూడా ఇది ఉంటుంది కాబట్టి ఏ ఒక్క జాతికీ ఇది గుర్తు కాదు. క్రిస్టలినంతో పాటు మాగ్నిఫికం, ఫర్జెటీ, క్లారినెర్వియం అన్నీ తెల్ల ఈనెల మఖమల్ ఆకులవే. వీటిలో తేడా తెలుసుకోవాలంటే తొడిమని వేళ్ల మధ్య పెట్టి తిప్పి చూడండి. గుండ్రంగా జారితే క్రిస్టలినం కావచ్చు. నాలుగు పలకలుగా, అంచుల వెంట సన్నని రెక్కలతో వేళ్లకి తగిలితే మాగ్నిఫికం అనుకోవచ్చు. ఫర్జెటీకి ఆకు వెనక ఉండాల్సిన చీలిక మూసుకుపోయి, తొడిమ ఆకు మధ్య నుంచి దిగినట్టు కనబడుతుంది. క్లారినెర్వియం ఆకు అట్టలా దళసరిగా, బిరుసుగా ఉంటుంది. అది దక్షిణ అమెరికాది కూడా కాదు, మెక్సికోలోని చియాపాస్ సున్నపురాయి గుట్టల్లో పుట్టింది. మిగతా మూడూ కొలంబియా వైపువి.

ఇక్కడ "కావచ్చు", "అనుకోవచ్చు" అని ఊరికే రాయలేదు. ఈ జాతుల పుప్పొడిని ఒకదాని నుంచి ఒకదానికి రాస్తే గింజలు సులువుగా కడతాయి. అమ్మకానికి వచ్చే నారులో క్రిస్టలినానికీ, మాగ్నిఫికానికీ పుట్టిన సంకరాలు బోలెడు. తొడిమ గుండ్రానికీ, పలకకీ మధ్యలో ఉంటే దానికి ఏ జాతి పేరూ నప్పదు. పువ్వుల అంగళ్లలో కనబడే ఎర్ర ఆంథూరియం కూడా ఇంతే. ఆండ్రియానమ్ అని పిలుస్తాం గానీ, అది ఆండ్రియానమ్‌ని ఇతర జాతులతో ఏళ్ల తరబడి కలిపి తయారు చేసినది.

అలల అంచున్న గూడు మొక్కల విషయంలోనే నాకు ఎక్కువ బాధ. నేను మోసపోయింది అక్కడే. ఒక నర్సరీలో హుకెరీ అని రాసి ఉన్న మొక్కని మంచి ధర పెట్టి కొన్నాను. ఈ పేరుతో ప్రపంచమంతా అమ్ముడయ్యేవాటిలో చాలా భాగం అసలు హుకెరీ కాదని నాకు తర్వాత తెలిసింది. నిజమైన హుకెరీ కరీబియన్ దీవులు, ట్రినిడాడ్, వెనిజులా, గయానాల వైపు మొక్క. భూతద్దం పెట్టి చూస్తే దాని ఆకు మీద సన్నని నల్ల చుక్కలు కనబడతాయి. అది తెల్లటి పండ్లు కాస్తుంది. గూడు ఆకారపు ఆంథూరియంలలో చాలావాటి పండ్లు ఎరుపు, ఊదా ఛాయల్లో ఉంటాయి. అలలు తిరిగే ఆకులతో హుకెరీ పేరు మీద చలామణీ అయ్యేది ఎక్కువగా ప్లోమానీ, లేదా దాని సంకరాలు. అది పెరూ, బొలీవియా, బ్రెజిల్ వైపుది. కోకా మొక్కల మీద పరిశోధన చేసిన తిమోతీ ప్లోమన్ పేరు దానికి పెట్టారు. ఇండోనేషియాలో దీన్నే "ప్రేమ అల" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. 2007 ప్రాంతంలో అక్కడ దీని ధర ఆకాశానికి ఎక్కి, తర్వాత కుప్పకూలింది.

నా మొక్క ఆకుని ఎండలో అటూ ఇటూ తిప్పి, భూతద్దంతో రెండు వైపులా వెతికాను. నల్ల చుక్క ఒక్కటి కూడా లేదు. కొత్త ఆకు విచ్చుకునేటప్పుడు దాని రెండు అంచులూ విడివిడిగా లోపలికి చుట్టుకుని ఉన్నాయి. పాకీన్యూరియం అనే విభాగానికి అది గుర్తు. మిగతా ఆంథూరియంలలో ఎక్కువగా ఒక అంచు మీదుగా మరో అంచు గొట్టంలా చుట్టుకుంటుంది. కొత్త ఆకు ఆ దశలో కొద్ది రోజులే ఉంటుంది, ఆ రోజుల్లో చూసుకోకపోతే మళ్లీ ఇంకో ఆకు దాకా ఆగాలి.

"పువ్వులన్నీ ఒకటే" అన్నది మరీ అన్యాయమైన మాట. పువ్వు అని మనం పిలిచే రంగు రేకు నిజానికి ఒక ప్రత్యేకమైన ఆకు, దాన్ని స్పేథ్ అంటారు. అసలు పువ్వులు మధ్యలోని కంకి మీద వరసగా అతుక్కుని ఉంటాయి. ఒక్కొక్కటి ఆవగింజంత ఉన్నా అందులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. ముందు ఆడ భాగం తడిసి మెరుస్తుంది, కొన్ని రోజుల తర్వాత పుప్పొడి వస్తుంది. కంకి రంగు, పొడవు, కాడ ఉందా లేదా, స్పేథ్ నిటారుగా నిలిచిందా వెనక్కి వాలిందా, పండు ఏ రంగు, ఇవన్నీ రాసుకోవాలి. కొత్త ఆకుని కప్పి ఉంచిన పొర ఎండాక అలాగే నిలుస్తుందా, పీచులా చీలుతుందా అన్నది కూడా చూడాలి. అమెరికాలోని మిస్సోరీ బొటానికల్ గార్డెన్‌లో థామస్ క్రోట్ లక్షకు పైగా మొక్కల నమూనాలు సేకరించి, వందల కొద్దీ ఆంథూరియంలకి పేర్లు పెట్టాడు. ఆకు ఎండాక ఏ రంగుకి తిరుగుతుందో కూడా ఆయన వర్ణనల్లో రాసి ఉంటుంది. అంత పట్టించుకుంటేనే జాతులు విడిపడతాయి.

"దేనికీ సరిపోకపోతే కొత్త జాతి" అన్న ఆఖరి మాట డబ్బుతో ముడిపడింది కాబట్టి మరీ ప్రమాదం. సరిపోకపోవడానికి మొక్క లేతది కావడం, సంకరం కావడం, మనం పోల్చిన ఫోటో మీది పేరే తప్పు కావడం లాంటి కారణాలు ఎన్నో ఉంటాయి. నిజంగా కొత్తదైతే అడవిలో అది ఏ చోట, ఎంత ఎత్తులో దొరికిందో చెప్పాలి. పూతతో ఉన్న నమూనాని ఎండబెట్టి హెర్బేరియంలో, అంటే ఎండిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట, దాచాలి. పాత నమూనాలతో పోల్చి, లాటిన్‌లో గానీ ఇంగ్లిష్‌లో గానీ వర్ణన ప్రచురించాలి. (2012కి ముందు లాటిన్ తప్పనిసరి.) ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని కుండీ మొక్కతో మొదటి మెట్టే దాటలేం. కొనేటప్పుడు "ఇది ఎక్కడిది, గింజ నుంచి పెంచారా, తల్లి మొక్క ఏది" అని తప్పకుండా అడగండి. ఆ జవాబు ఆకు కన్నా ఎక్కువ చెబుతుంది.

నా కుండీలో హుకెరీ చీటీ తీసేశాను. ఇప్పుడు "ఆంథూరియం, పాకీన్యూరియం విభాగం, జాతి తెలియదు" అని రాసి, కొన్న తేదీ వేశాను. అక్కకి కూడా ఫోన్ చేసి చెప్పాను. పోయిన కంకి పుప్పొడిని ఫ్రీజర్‌లో దాచి ఉంచాను. ఈ వారం కొత్త కంకి తడిసి మెరుస్తోంది, కుంచెతో ఆ పుప్పొడి రాశాను. కాయ నిలిచి పండితే దాని రంగు కూడా చీటీ మీద రాస్తాను.