సంతకం పెట్టారు సరే, లెక్క అడిగేదెవరు?

చిన్నప్పుడు మా ఇంటి నిండా మాస్కోలోని సోవియట్ ప్రచురణ సంస్థ రాదుగ వాళ్ల తెలుగు పుస్తకాలే. అవి చదివి పెరిగిన నాకు యూరీ ఓర్లోవ్ పేరు నలభై దాటాక గానీ తెలియలేదు. ఇప్పటికీ అది నా మనసులో ముల్లులా ఉంది.

1975 ఆగస్టు 1న ఫిన్‌లాండ్ రాజధాని హెల్సింకీలో 35 దేశాలు ఒక ఒప్పందంపై సంతకాలు చేశాయి. బలప్రయోగంతో సరిహద్దులు మార్చకూడదన్నది సోవియట్ యూనియన్ కోరుకున్న మాట. పౌరుల హక్కులను గౌరవిస్తామని కూడా ఆ కాగితంలోనే ఒప్పుకుంది. మొత్తం ఒప్పందాన్ని సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దాలో అచ్చు వేశారు. దాన్ని సీరియస్‌గా తీసుకున్న భౌతిక శాస్త్రవేత్త ఓర్లోవ్. 1976 మే 12న మాస్కోలో కొద్దిమందితో ఒక బృందం పెట్టారు. స్టాలిన్ కాలంలో సొంత నేల నుంచి తరిమేసిన క్రిమియా తాతార్ల గోడు, రాజకీయ ఖైదీల గోడు టైపు చేసి, 35 ప్రతులు సోవియట్ నాయకుడు బ్రెజ్నేవ్‌కూ, సంతకం చేసిన దేశాలకు మాస్కోలో ఉన్న రాయబార కార్యాలయాలకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపేవాళ్లు. పోస్టాఫీసు కిటికీ ముందు ఆ కవర్ల కట్టతో నిలబడ్డ మనిషిని తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది. పేరు, చిరునామా అన్నీ రాసి మరీ పంపారు!

ఆ బృందం పుట్టడానికి రెండు వారాల ముందే మన సుప్రీంకోర్టు జబల్‌పూర్ కేసులో, ఎమర్జెన్సీ ఉండగా నిర్బంధంలో ఉన్నవాళ్లు ప్రాణహక్కు కోసం కూడా కోర్టుకు రాలేరని చెప్పింది. ఈ రెండు తేదీలు నాకు పక్కపక్కనే గుర్తొస్తాయి.

ఓర్లోవ్ బృందం కాగితాలు ఏ బీరువాలోనో మగ్గిపోకుండా చూసింది వాషింగ్టన్‌లోని హెల్సింకీ కమిషన్, అంటే ఆ ఒప్పందం అమలును గమనించడానికి అమెరికా పెట్టుకున్న సంఘం. సోవియట్ యూనియన్ వెళ్లి అక్కడివాళ్ల కష్టాలు విని వచ్చిన ప్రతినిధుల సభలోని న్యూజెర్సీ సభ్యురాలు మిలిసెంట్ ఫెన్విక్ పట్టుబట్టి తెచ్చిన చట్టంతో పుట్టిందిది. విదేశాంగ మంత్రి కిసింజర్‌కు ఇష్టం లేకపోయినా 1976 జూన్‌లో అధ్యక్షుడు ఫోర్డ్ దానిపై సంతకం చేశారు. మొదట్లో అందులో సెనేట్ నుంచి ఆరుగురు, ప్రతినిధుల సభ నుంచి ఆరుగురు, ప్రభుత్వ శాఖల నుంచి ముగ్గురు. మాస్కో బృందం పత్రాలను అనువదించి అచ్చు వేశారు, విచారణలు జరిపారు.

మరి అమెరికాను ఎవరు లెక్క అడుగుతారని మీరు అంటారు. అడగాలి కూడా. 1979లో ఆ కమిషనే తన సొంత దేశం హెల్సింకీ మాటను ఎంతవరకు నిలబెట్టుకుందో నివేదిక రాసింది. నాకు దాని మీద గౌరవం కలిగింది అక్కడే.

ఓర్లోవ్‌ను 1977లో అరెస్టు చేశారు. ఏడేళ్ల శిక్షాశిబిరం, ఆ తర్వాత దేశంలోపలే ఐదేళ్ల ప్రవాసం వేశారు. 1986లో దేశం నుంచే పంపేశారు. కమిషన్ ఆయన్ని జైలుకు పోకుండా కాపాడలేకపోయింది, నిజమే. కానీ ఆయన రాసిన ప్రతి కాగితానికీ ఒక చదువరి ఉన్నాడు.

మన సంగతికి వస్తే, చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందంపై భారత్ 1997లో సంతకం చేసింది. ధ్రువీకరణ, అంటే దానికి కట్టుబడతామనే చివరి ఒప్పుకోలు మాత్రం ఇంకా కాలేదు. 2010లో లోక్‌సభ ఒక బిల్లు పాస్ చేసింది, అది చట్టం కాకుండానే మురిగిపోయింది. ఈలోగా లాకప్ చావు వార్త వస్తే రెండు రోజులు అరుస్తాం, మూడో రోజుకు మర్చిపోతాం. మనం చేసిన సంతకాల గురించి ప్రభుత్వాన్ని నిలదీయడమే పనిగా పెట్టుకున్న సంఘం మన ఎంపీలతోనూ ఉండాలి. ఈసారి మా ఎంపీ ఊళ్లోకి వస్తే నేను అడగబోయేది రోడ్డు గురించి కాదు, ఆ 1997 సంతకం గురించి.