టికెట్ మీద వేసిన సమయానికే పాట మొదలుకావాలి

హైదరాబాదులో సంగీత కచేరీలు నిర్వహించే వాళ్లకు నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే: టికెట్ మీద ఏ సమయం వేశారో ఆ సమయానికే కచేరీ మొదలుపెట్టండి. గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో ఇల్లున్న వాళ్లకు గంటన్నర ఆలస్యం పెద్ద లెక్కలోనిది కాకపోవచ్చు. నల్లగొండ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో, నాగర్‌కర్నూల్ నుంచో పొద్దున బయలుదేరి, రాత్రికి తిరిగి ఇల్లు చేరాలనుకుని వచ్చే వాళ్లకు మాత్రం ఆ గంటన్నరలోనే వచ్చిన పని సగం చెడిపోతుంది.

ఇండియన్ ఓషన్ బృందం పాటలను నేను కాలేజీలో చదివేటప్పటి నుంచి వింటున్నాను. 1990లో ఢిల్లీలో మొదలైన ఈ బృందం, వ్యవస్థాపకుల్లో ఒకరైన అషీమ్ చక్రవర్తి 2009లో చనిపోయినా, మరొకరైన సుస్మిత్ సేన్ 2013లో తప్పుకున్నా, కొత్తవాళ్లను కలుపుకుని పాడుతూనే ఉంది. బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసినవారు, నర్మద మీది ఆనకట్టల ముంపుకు గురయ్యే జనం తరఫున సాగిన నర్మదా బచావో ఆందోళనలో పనిచేసినవారు. నర్మదా తీరపు జానపదం ఒకటి వాళ్ల పాటల్లోకి ఆ బాటలోనే వచ్చింది. మా అమ్మమ్మ వాళ్ల భూమి కొల్లాపూర్ దిక్కున శ్రీశైలం ముంపులో పోయింది. ఇల్లు విడిచి రావడం గురించి ఆమె చెప్పిన మాటలు వింటూ పెరిగినదాన్ని కాబట్టి, నదిని తల్లిగా పిలిచే ఆ పాట మొదటిసారి విన్నప్పుడే నాకు పరాయిగా అనిపించలేదు. అందుకే వాళ్లు హైదరాబాదు వస్తున్నారని తెలియగానే నాకూ మా చెల్లెకూ టికెట్లు తీసుకున్నాను.

టికెట్ మీద సాయంత్రం ఆరున్నర అని ఉంది. మేము ఐదున్నరకే గేటు దగ్గర ఉన్నాము. అక్కడ మొదటి చిక్కు బ్యాగుతో వచ్చింది. పొద్దున ఇల్లు వదిలి రాత్రికి తిరిగి చేరే మనిషి దగ్గర ఒక బ్యాగు, అందులో టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, ఒక స్వెట్టర్ ఉండడం సహజం. "బ్యాగులు లోపలికి రానియ్యం మేడం, బయట ఎక్కడన్న పెట్టుకోండ్రి" అన్నాడు సెక్యూరిటీ అబ్బాయి. ఆ "ఎక్కడన్న" ఏదో ఆ అబ్బాయికీ తెలియదు, ఎందుకంటే నిర్వాహకులు అలాంటి చోటు ఏదీ ఏర్పాటు చేయలేదు. చివరికి రోడ్డు అవతల చాయ్ బండి పెట్టుకున్న ఒక పెద్దాయన, "ఇడ పెట్టిపోండ్రి బిడ్డా, నేను పదింటిదాక ఉంట" అని బల్ల కిందికి జరిపి పెట్టుకున్నారు. వేల రూపాయల టికెట్లు అమ్మిన వాళ్లు చేయని ఏర్పాటు ఆయన చేశారు.

లోపల వాద్యాలన్నీ వేదిక మీద సర్దే ఉన్నాయి. ఆరున్నర దాటింది, ఏడు దాటింది. యాంకర్ వచ్చి ప్రాయోజకుల పేర్లు చదవడం, తెర మీద ప్రకటనలు తిరగడం, లక్కీ డ్రా తీయడం, మళ్లీ ప్రకటనలు. అసలు బృందం వేదిక ఎక్కేసరికి ఎనిమిది దాటింది. ఈ ఆలస్యం వల్ల పోయేది మా బస్సు ఒక్కటే అయితే నేను ఇంత రాసేదాన్ని కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకులు వాడరాదు. సాంస్కృతిక సందర్భాలకూ పండుగలకూ అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాది మొత్తంలో 15 రోజులకు మించకూడదు. అంటే మామూలు రోజుల్లో కచేరీ ముగిసే గడియ మారదు. మొదలయ్యే గడియ వెనక్కి జరిగినకొద్దీ కోత పడేది పాటలకే. ప్రకటనలు ఒక్కటి కూడా తగ్గలేదు. ఆ నష్టం గచ్చిబౌలి శ్రోతకూ మాతో సమానమే.

వాళ్లు పాడినంత సేపు మాత్రం నేను ఇంకేదీ తలచుకోలేదు. అమిత్ కిలాం డ్రమ్ములతో పాటు గబ్‌గుబీ అనే వాద్యాన్ని కూడా వాయిస్తారు. రికార్డుల్లో ఆ చప్పుడును ఎంతో ఇష్టంగా విన్నాను గానీ, అది ఎలా పుడుతుందో కళ్లతో చూసింది అక్కడే. చిన్న డోలును చంకలో ఇరికించుకుని, దాని లోపలి నుంచి వచ్చే తీగను ఒక పిడికిలితో బిగబట్టి లాగుతూ, రెండో చేత్తో మీటుతున్నారు. మా చెల్లె నా మోచెయ్యి పట్టి ఊపి, "అక్కా, ఇది మన బైండ్లోళ్ల జమిడిక లెక్కనే ఉన్నది కదా!" అన్నది. నిజంగానే అది ఆ కుటుంబపు వాద్యమే. ఎల్లమ్మ కథ చెబుతూ బైండ్ల కళాకారులు వాయించే జమిడిక కూడా ఇలాగే పలుకుతుంది. తీగ బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, సడలిస్తే కిందికి జారుతుంది, ఆ రెంటి మధ్య మనిషి గొంతులా మూలుగుతుంది. ఢిల్లీ బృందం చేతిలో మా ఊరి వాద్యపు తోబుట్టువును చూడడం ఇంట్లో ఫోన్‌లో వింటే దొరికే అనుభవం కాదు.

ఆ తర్వాత ఎంతోసేపు ఉండలేకపోయాము. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎల్బీనగర్ చేరి, అక్కడ నల్లగొండ బస్సు పట్టుకోవాలి. ఆపైన చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా ప్రయాణం. చాయ్ బండి ఆయన కట్టేసేలోపు బ్యాగు తీసుకోవాలి. నేను ఏ పాట కోసం వెళ్లానో, ఆ నర్మద పాట, మేము గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాక మొదలైంది. మా చెల్లె ఆగిపోయింది, నేనే చెయ్యి పట్టి నడిపించాను.

ఈ మాట అంటే కొందరు, రాత్రికి అక్కడే లాడ్జి తీసుకోవచ్చు కదా అంటారు. టికెట్‌కే నెలల తరబడి డబ్బు కూడబెట్టుకునే డిగ్రీ విద్యార్థికి ఆ సలహా చెప్పి చూడండి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడంతో, మా జిల్లాల అమ్మాయిలకు పట్నం పోవడానికి ఛార్జీ అడ్డంకి తొలగిపోయింది. ఇప్పుడు మిగిలిన అడ్డంకి రాత్రి పొద్దుపోవడమే. దాన్ని తొలగించడం నిర్వాహకుల చేతిలో ఉంది. ట్రాఫిక్ వల్ల జనం ఆలస్యంగా వస్తారు కాబట్టి ఆగక తప్పదని వాళ్లు చెప్పే కారణాన్ని నేను ఒప్పుకోను. పది కిలోమీటర్ల దూరం నుంచి ఆలస్యంగా వచ్చిన వాళ్ల కోసం, 100 కిలోమీటర్ల దూరం నుంచి ముందే వచ్చిన వాళ్లను కూర్చోబెట్టడం ఏ న్యాయం? చెన్నైలో డిసెంబర్ సంగీతోత్సవాల సభల్లో ఒకే వేదిక మీద రోజంతా ఒక కచేరీ వెనక మరొకటి గడియారం ప్రకారం నడుస్తాయి. సమయానికి మొదలవుతుందని తెలిస్తే శ్రోతలు సమయానికే వస్తారు.

పాట వినడం మా జిల్లాలకు ఎవరూ నేర్పనవసరం లేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య నాగర్‌కర్నూల్ జిల్లావారు. తెలంగాణ ఉద్యమ కాలంలో ధూంధాం అంటే తెల్లవార్లూ మైదానాల్లో కూర్చుని పాటలు విన్న జనం మావాళ్లే. నల్లగొండలో ఎన్జీ కాలేజీ మైదానం ఉంది, వినే జనం ఉన్నారు. పెద్ద బృందాలు హైదరాబాదు దాకా వచ్చినప్పుడు మరుసటి రోజు ఇక్కడొక కచేరీ పెట్టడం అసాధ్యమేమీ కాదు.

అంతవరకు కనీసం ఇంత చేయండి. ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి మొదలుపెట్టి ఏడింటికి ముగించండి. గేట్లు తెరిచే సమయంతో పాటు, అసలు బృందం వేదిక ఎక్కే సమయాన్ని కూడా టికెట్ మీద అచ్చువేయండి. ప్రకటనలన్నీ ఆ గడియకు ముందే ముగించండి. గేటు దగ్గర బ్యాగులకు టోకెన్ ఇచ్చే మనిషిని ఒకరిని పెట్టండి. నేను ఈ నాలుగూ నిర్వాహకులకు ఉత్తరంగా రాసి పంపాను. జిల్లాల నుంచి వెళ్లే మిత్రులు కూడా, టికెట్ కొనే ముందే బృందం ఎన్నింటికి వేదిక ఎక్కుతుందో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.