ఒక్క వాక్యంలో ఇమిడేది కాదు

ఒక అర్థశాస్త్ర ఆచార్యుల గురించి మీరు రాసిన పరిచయం చదివాను. అందులో వారి రంగాలైన పర్యావరణ అర్థశాస్త్రం, ప్రయోగాత్మక అర్థశాస్త్రం (నియమాలను మనుషులతో ప్రయోగం చేసి చూసే శాఖ) రెండింటినీ ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. అసలు విశేషం ఆ జోడీలోనే ఉంది. గాలి మీదో అడవి మీదో తప్పుడు విధానం రుద్దితే జరిగిన నష్టాన్ని పూడ్చడం కష్టం. అందుకే ముందు కొద్దిమందిని కూర్చోబెట్టి, నిజమైన డబ్బు పణంగా పెట్టి పరీక్షిస్తారు.

అమెరికాలో 1990 నాటి చట్టసవరణ సల్ఫర్ డయాక్సైడ్ అనుమతుల వ్యాపారానికి, అంటే ఆ కాలుష్య వాయువును ఇంత వదలవచ్చనే హక్కులను కొనడం, అమ్మడానికి దారితీసింది. ఏటా జరిగే వేలంలో అతి తక్కువ ధర అడిగిన అమ్మకందారుకు, అందరికన్నా ఎక్కువ పాడిన కొనుగోలుదారును జతచేసేవారు; ఆ కొనుగోలుదారు పాడిన ధరే అమ్మకందారుకు దక్కేది. అంటే కావాలని ధర తగ్గించి చెప్పినవారికే లాభం! అర్థశాస్త్రవేత్తలు తిమోతీ కేసన్, చార్లెస్ ప్లాట్ ఈ లోపాన్ని ప్రయోగశాలలో తేటతెల్లం చేశారు. ఆ పరిశోధన 1996లో వెలువడింది. కాగితం మీద ముచ్చటగా ఉన్న నియమం మనుషుల చేతిలో పడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఉమ్మడి వనరుల నిర్వహణపై పరిశోధించిన అమెరికా పండితురాలు ఎలినార్ ఆస్ట్రోమ్ బృందం ప్రయోగాలు నాకు మరీ ఇష్టం. ఉమ్మడి వనరును వాడుకునేవారిని ఒకరితో ఒకరు మాట్లాడుకోనిస్తే, శిక్షల భయం లేకున్నా అతివాడకం బాగా తగ్గింది. ఆస్ట్రోమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ దక్కింది.

దయచేసి ఈ ఆచార్యుల ప్రయోగం ఒక్కటైనా వివరంగా రాయండి: ఎవరు పాల్గొన్నారు, ఏ నియమాన్ని మార్చి చూశారు, ఏమి తేలింది?