రీలు కడగడానికి ఏసీ ఎందుకండీ?

ఎండాకాలం మొదలవగానే మామిడికాయలతో పాటు ఒక మెసేజ్ కూడా వస్తుంది. "హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఫిల్మ్ కెమెరా జోలికి పోవద్దు" అని మొదటి లైను, కింద ఆరు కారణాలు, చివర నాలుగు చేతులు జోడించిన బొమ్మలు. ఎవరు రాశారో తెలియదు. కెమెరా పిచ్చి ఉన్న ప్రతివాడి ఫోనులోనూ ఇది ఒక్కసారైనా వచ్చి ఉంటుంది. ఈసారి మా మేనల్లుడు పంపి, "మామయ్యా, ఇది నిజమేనా? నేను కెమెరా కొనేశానే!" అని టెన్షన్ పడ్డాడు. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో బేరమాడి ఒక పాత ఎస్‌ఎల్‌ఆర్ ఫిల్మ్ కెమెరా కొన్నాడు పాపం.

ఆ ఆరు కారణాలు ఇవీ. ఫిల్మ్ తయారీ 2012లోనే ఆగిపోయింది, ఇప్పుడు దొరికేదంతా పాత సరుకు. ఫిల్మ్ రీలు కడగాలంటే, అంటే కెమికల్స్‌లో ముంచి బొమ్మ తేల్చాలంటే, అన్నీ కచ్చితంగా 20 డిగ్రీల్లో ఉండాలి, మన ఎండలకు ఏసీ గది లేనిదే అది కుదరదు. ఇంట్లో ఒక గదిని డార్క్ రూమ్‌గా మార్చి ఎర్ర బల్బు పెట్టుకోవాలి. మన బోరు నీళ్లకు నెగెటివ్‌లు పాడైపోతాయి. కెమికల్స్ అన్నీ విషం. ఇంతా చేసి మామూలు 35 ఎంఎం రీలు కంటే ఫోనే నయం, తీస్తే ఇంకా పెద్ద ఫ్రేము వచ్చే మీడియం ఫార్మాటే తీయాలి.

ఇందులో నిజం అసలే లేదని అనను. ఉన్నచోట ఒప్పుకుంటాను.

మొదటిది తేలిగ్గా తేలిపోతుంది. 2012 జనవరిలో కోడాక్ దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కిన మాట నిజమే. 2013 సెప్టెంబరులో అందులోంచి బయటపడింది కూడా. ఆ వార్త మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఇప్పటికీ ఫిల్మ్ తయారవుతోంది. 2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్ అనే కలర్ స్లైడ్ ఫిల్మ్‌ను 2018లో మళ్లీ తెచ్చారు. ఇల్‌ఫర్డ్ బ్లాక్ అండ్ వైట్ రీళ్లు చేసే ఇంగ్లండ్ కంపెనీ హార్మన్ 2023 చివర్లో ఫీనిక్స్ పేరుతో ఏకంగా కొత్త కలర్ ఫిల్మ్ విడుదల చేసింది. చచ్చిపోయిన వ్యాపారంలో కొత్త సరుకు ఎవరు పుట్టిస్తారు?

నిజంగా పోయింది మనది. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అని ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉండేది, 'ఇందు' పేరుతో రీళ్లు, పేపర్లు, ఎక్స్‌రే ఫిల్ములు చేసేది. ఆ మెసేజ్ ఇందు గురించి ఏడ్చి ఉంటే నేనూ పక్కన కూర్చుని ఏడ్చేవాణ్ణి. అది మూతపడ్డాక మనకు వచ్చే ప్రతి రీలూ దిగుమతే. కలర్ రీలు కొని, ల్యాబ్‌లో కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యి రూపాయలు దాటిపోతుంది. ఆరు కారణాల్లో ఈ ఖర్చు ఊసే లేదు చూశారా! మానేయడానికి పనికొచ్చే అసలు కారణాన్ని వదిలేసి మిగతావన్నీ రాశాడు మహానుభావుడు.

ఇక 20 డిగ్రీల సంగతి. అందరినీ భయపెట్టేది ఇదే కాబట్టి నిదానంగా చెబుతాను.

రీలు మీద బొమ్మను తేల్చే కెమికల్ డెవలపర్. అది 20 డిగ్రీల్లోనే పనిచేస్తుందని ఏ కంపెనీ చెప్పలేదు. 20 డిగ్రీల్లో ఎంతసేపు ఉంచాలో డబ్బా మీద రాస్తారు, అంతే. వేడి పెరిగితే పని త్వరగా అవుతుంది, తగ్గితే ఆలస్యమవుతుంది. ఇడ్లీ పిండి సంగతి తెలియని ఇల్లు ఉందా? మే నెలలో సాయంత్రం రుబ్బితే పడుకునేలోపే పొంగిపోతుంది, డిసెంబరులో తెల్లారినా కదలదు. అంతమాత్రాన ఎండాకాలంలో ఇడ్లీ మానేశామా? త్వరగా తీసి ఫ్రిజ్‌లో పెట్టాం.

లెక్క ఇలా ఉంటుంది. హెచ్‌పీ5 ప్లస్ అనే ఇల్‌ఫర్డ్ బ్లాక్ అండ్ వైట్ రీలును 400 స్పీడు (ఐఎస్‌ఓ) దగ్గర తీసి, డి-76 అనే డెవలపర్‌లో సమానంగా నీళ్లు కలిపి వాడితే 20 డిగ్రీలకు 11 నిమిషాలు. 24 డిగ్రీలకు సుమారు 8 నిమిషాలు. ఇంకా పెరిగితే ఇంకా తగ్గించుకుంటూ పోవాలి. ఎక్కడ ఆగాలి అంటే, అయిదు నిమిషాల దగ్గర. అంతకంటే తగ్గితే డెవలపర్ రీలంతా సమానంగా పట్టదు, ఫొటోలోని ఆకాశంలో మరకలు తేలతాయి. నీళ్లు కలపని డి-76కు 20 డిగ్రీల్లోనే ఏడున్నర నిమిషాలు కాబట్టి మే నెలలో దానితో చిక్కు. అందుకే ఎండాకాలంలో డెవలపర్‌ను పలచగా వాడాలి. మెసేజ్ రాసినాయనకు ఈ ఒక్క ముక్క తెలిసుంటే ఏసీ అడిగేవాడు కాదు.

అసలు మన ఊరివాళ్లు ఈ మాట అనడమే నాకు వింత. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1880ల్లోనే సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. ఏసీ కాదు కదా, కరెంటు ఫ్యాను కూడా లేని రోజులు. గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఇదే ఎండలో, ఇదే నీళ్లతో కడిగాడు. 1905లో ఆయన పోయాడు. ఆయన స్టూడియో నెగెటివ్‌లు రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఈరోజుకీ ఉన్నాయి. 20 డిగ్రీలు లేనిదే కుదరదంటే ఫలక్‌నుమా ప్యాలెస్ ఫొటోలు ఎక్కడినుంచి వచ్చాయి?

వేడికి పాత ఫిల్ముల మీద బొమ్మ ఉండే జెలటిన్ పొర ఉబ్బి, మెత్తబడి, ఊడివచ్చేది. అది నిజమే. దానికి అప్పుడే విరుగుడు కనిపెట్టారు. డెవలపర్‌లో సోడియం సల్ఫేట్ వేస్తే పొర ఉబ్బడం తగ్గుతుంది, క్రోమ్ ఆలమ్‌లో ముంచితే గట్టిపడుతుంది. వేడి దేశాల కోసమే కోడాక్ డికె-15 అని ఒక ఫార్ములా ఇచ్చింది. ఇప్పటి ఫిల్ముల పొరను ఫ్యాక్టరీలోనే గట్టిపరుస్తారు కాబట్టి మనకు అంత అవస్థ కూడా లేదు.

మరి రీళ్లు ఎందుకు పాడవుతున్నాయి? నా అనుభవమే చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక మే నెల మధ్యాహ్నం, ఐసుతో డెవలపర్‌ను ముచ్చటగా 20 డిగ్రీలకు దించాను. బొమ్మ తేలాక మిగిలిన వెండిని కరిగించే ఫిక్సర్ కూడా చల్లగానే ఉంది. అన్నీ బాగా చేశానని మురిసిపోయి, కడగడానికి నేరుగా పంపు తిప్పాను. పైన నల్ల ట్యాంకులో పొద్దుట్నుంచి కాగిన నీళ్లు. చెయ్యి పెడితే చురుక్కుమంది. మెత్తబడ్డ పొర మీద రెండు వేళ్లతో నీళ్లు తుడిచేసరికి ముప్ఫై ఆరు ఫ్రేములకూ రెండు పట్టాలు పడ్డాయి, ఎంఎంటీఎస్ రైలు లైనులా. తప్పు ఎండది కాదు, నాది. అన్నీ 26 డిగ్రీల్లో ఉన్నా ఆ రీలు బతికేది. డెవలపర్ నుంచి చివరి నీళ్ల దాకా రెండు మూడు డిగ్రీలకు మించి తేడా రాకూడదు.

అందుకని నేను చేసే పని చాలా చిన్నది. ముందు రోజు రాత్రి మట్టికుండలో నీళ్లు నింపి వరండాలో పెడతాను. పొడి ఎండల్లో పొద్దున్నకల్లా అవి 25, 26 దగ్గర ఉంటాయి. కెమికల్స్ కలిపేదీ ఆ నీళ్లతోనే, కడిగేదీ ఆ నీళ్లతోనే. తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెడతాను. ఇంకా చల్లబరచాలంటే ఐసు ముక్కల్ని స్టీలు గిన్నెలో పోసి, సీసాల్ని అందులో నిలబెట్టాలి. డెవలపర్‌లో నేరుగా వేస్తే కొలత తప్పి పలచబడిపోతుంది. వానాకాలంలో గాలిలో తేమ వల్ల కుండ అంతగా చల్లబరచదు కానీ, అప్పుడు పంపు నీళ్లే నయంగా ఉంటాయి. కొనాల్సింది ఒక మంచి థర్మామీటరు మాత్రమే. ఇంట్లో జ్వరం చూసేది పనికిరాదు, దాని అంకెలు 35 దగ్గర మొదలవుతాయి.

ఇంకో తమాషా. 20 డిగ్రీలు బ్లాక్ అండ్ వైట్ లెక్క. కలర్ నెగెటివ్‌లకు వాడే సి-41లో డెవలపర్ 37.8 డిగ్రీలు ఉండాలి. చలిదేశాల వాళ్లు దాన్ని వేడి చేయడానికి మెషీన్లు కొంటారు. మే నెల మధ్యాహ్నం మన ట్యాంకు నీళ్లు ఇంచుమించు ఆ పక్కనే ఉంటాయి! అయితే ఇక్కడ సమయం మూడుంపావు నిమిషాలే, డిగ్రీలో చిన్న తేడా వచ్చినా రంగు మారిపోతుంది. కాబట్టి కొత్తవాళ్లు దీనితో మొదలుపెట్టకపోవడమే మంచిది.

మూడో కారణంలో ఎర్ర బల్బు ఉంది చూశారూ, అది మాత్రం ప్రమాదం. మిగతావన్నీ మనిషిని ఆపుతాయి, ఇది రీలును చంపుతుంది. చిన్నప్పుడు చిక్కడపల్లిలో మా బాబాయి స్టూడియోలో ఎర్ర బల్బు కింద ట్రేలో బొమ్మ తేలడం చూసి నోరు తెరిచేవాణ్ణి. అది పేపరు. ప్రింటు వేసే పేపరుకు ఎరుపు కనిపించదు. ఇప్పుడు దొరికే రీళ్లు దాదాపు అన్నీ ఎరుపుతో సహా అన్ని రంగులూ చూస్తాయి. ఎరుపు కనిపించని ఆర్థో రకం రీళ్లు ఒకటీ అరా తప్ప దేన్నైనా ఆ వెలుతురులో బయటికి తీస్తే మొత్తం నల్లబడుతుంది. రీలు పని కటిక చీకట్లోనే. దానికి గది అక్కర్లేదు. చేతులు దూర్చే నల్ల సంచీ ఒకటి దొరుకుతుంది. అందులోనే రీలును చుట్టకు ఎక్కించి, వెలుతురు చొరని చిన్న డెవలపింగ్ ట్యాంకులో పెట్టి మూత బిగిస్తే, ఆ తర్వాతి పనంతా వంటింటి గట్టు మీద, పట్టపగలు. గది కావాల్సింది నెగెటివ్‌ను పెద్దది చేసి పేపరు మీద పడేసే ఎన్‌లార్జర్‌తో ప్రింట్లు వేసేవాళ్లకు. మాలో చాలామందికి అదీ రాత్రి పదింటి తర్వాత బాత్రూమే.

బోరు నీళ్ల దగ్గర ఒప్పుకోవాలి. మన బోర్లలో సున్నం ఎక్కువ, ఆరాక నెగెటివ్ మీద తెల్లటి చుక్కలు మిగులుతాయి. డెవలపర్ కలపడానికీ చివరిసారి ముంచడానికీ ఇంట్లో ఆర్వో నీళ్లు వాడితే సమస్య తీరిపోతుంది. ఆ చివరి నీళ్లలో, నీటి బొట్లు నిలవకుండా జారిపోయేలా చేసే వెటింగ్ ఏజెంట్ కాసిని చుక్కలు వేయాలి. మధ్యలో కడగడానికి బోరు నీళ్లు చాలు. పంపు కింద అరగంట పెట్టక్కర్లేదు కూడా. ఇల్‌ఫర్డ్ చెప్పిన పద్ధతిలో ట్యాంకు నింపి అయిదుసార్లు తిరగేసి పారబోయాలి, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. 35 ఎంఎం ట్యాంకుకు 300 మిల్లీలీటర్లు పడితే, మొత్తం లీటరు కూడా కాదు. ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే కాలనీల్లో ఈ పద్ధతి కనిపెట్టినవాడికి దండం పెట్టాలి.

కెమికల్స్ అన్నీ విషమట. డి-76 ఫార్ములా బహిరంగమే: లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. మెటాల్ కొందరి చర్మానికి పడదు, దురద, దద్దుర్లు వస్తాయి. గ్లవ్స్ వేసుకోవాలి, వంట గిన్నెలు వాడకూడదు, పిల్లలకు అందకూడదు. ఫినాయిల్ డబ్బాకు తీసుకునే జాగ్రత్తే. భయపడాల్సింది ఒకటి ఉంది, దాని పేరు మెసేజ్‌లో లేదు. వాడేసిన ఫిక్సర్. రీలు మీంచి కరిగిన వెండి అంతా అందులోకే వస్తుంది. సింకులో పోస్తే చివరికి చేరేది మూసీకే. మా బాబాయి వాడేసిన హైపోను (ఫిక్సర్‌కు పాత పేరు) డబ్బాల్లో దాచి, వెండి తీసేవాళ్లకు అమ్మేవాడు, ఆ డబ్బులతో మాకు ఐస్‌క్రీములు. ఇప్పుడు నేనూ డబ్బాలో పోసి, అందులో స్టీల్ ఊల్ వేసి ఉంచుతాను. కొన్ని రోజులకు వెండి నల్లటి బురదలా కిందికి దిగుతుంది.

మీడియం ఫార్మాట్ గురించి రెండు ముక్కలు. 35 ఎంఎం ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు, మీడియం ఫార్మాట్‌కు వాడే 120 రీలు మీద 6×6 సెంటీమీటర్ల ఫ్రేము నిజానికి 56×56 మిల్లీమీటర్లు. అంటే మూడున్నర రెట్లకు పైగా పెద్దది. పెద్ద ప్రింటు వేస్తే ఆ తేడా గుడ్డివాడికీ కనిపిస్తుంది. కానీ రీలుకు పన్నెండే ఫొటోలు. లోడింగ్ దగ్గర్నుంచి ఎక్స్‌పోజర్ దాకా నేర్చుకునే తప్పులన్నీ పన్నెండు ఫొటోల్లో చేయడం దండగ, ముప్ఫై ఆరింటిలో చేయడం చవక. ఫోను నయం అన్నవాళ్లతో నాకు గొడవ లేదు, వాళ్లు ఫోనుతోనే తీసుకోవచ్చు.

మేనల్లుడి మొదటి రీలు చార్మినార్, లాడ్ బజార్ తిరిగి పూర్తయింది. ఆదివారం కడుగుతున్నాం. పొద్దున్నే అయిదింటికి రమ్మన్నాను, రాత్రికి కుండ నింపి పెడతాను. థర్మామీటరు తానే తెస్తానన్నాడు. జ్వరం చూసేది తేవద్దని ఇప్పటికి రెండుసార్లు చెప్పాను.