ముప్పైకి ముప్పై

ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్‌లో రసాయనశాస్త్రానికి 30 మార్కులు. నాకు 30కి 30 వచ్చాయి. మా సెక్షన్‌లోని 65 మందికీ 30కి 30 వచ్చాయి. వారిలో ఒకడు పరీక్షనాడు పచ్చకామెర్లతో మంచంలో ఉన్నాడు. వాడి ప్రతిభకు కూడా అన్యాయం జరగలేదు. మా కాలేజీకి ప్రయోగశాల లేదని ఎవరైనా అంటే నేను సహించను. ప్రయోగశాల ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి ప్రిన్సిపాల్‌గారి దగ్గర ఉంది. బ్యూరెట్టును పాఠ్యపుస్తకంలో చూశాం, సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని మా రికార్డులో పెన్సిలుతో గీశాం. దాన్ని కడిగి, నింపి, చుక్కచుక్కగా వదిలే మోటుపనులు ఎంసెట్ రాయబోయేవాళ్ళకు తగవని పెద్దలు తేల్చారు.

ఆ బాకీ ఇప్పుడు, 22 ఏళ్ళ తరవాత, వడ్డీతో సహా వసూలవుతోంది. వసూలవుతున్న చోటు అమెరికాలో సియాటిల్ పక్కన బాథెల్ అనే ఊరు, మా ఇంటి పెరడు, రాత్రి తొమ్మిది గంటలు, నవంబరు ముసురు. నోట్లో టార్చిలైటు, కుడిచేతిలో చుక్కల సీసా, ఎడమచేతిలో పరీక్షనాళిక. నేను కొన్నది వేడినీళ్ళ తొట్టి. 400 గ్యాలన్లు, అంటే సుమారు 1500 లీటర్లు. ఇక్కడ హాట్ టబ్ అంటారు. అమ్మినవాడు నడుంనొప్పి పోతుందనీ, నీళ్ళ సంగతి వారానికి పది నిమిషాల పననీ చెప్పాడు. ఏ వారమో చెప్పలేదు.

నీళ్ళు చిమ్మే ఈ తొట్టి పుట్టుక నిజానికి కరుణరసం. జకూజీ సోదరులు ఇటలీ నుంచి కాలిఫోర్నియాకు వచ్చి, ముందు విమానాలకు ప్రొపెల్లర్లు, తరవాత బావులకు పంపులు చేసేవారు. వారిలో ఒకరి కొడుక్కి పసితనంలోనే కీళ్ళవాతం వచ్చింది. ఆసుపత్రిలో జరిగే నీటి వైద్యం ఇంటి స్నానపు తొట్టిలోనే జరగాలని ఆ పిల్లవాడి కోసం ఒక పంపు తయారుచేశారు. 1968లో అదే కుటుంబానికి చెందిన రాయ్ జకూజీ తొట్టినీ పంపునూ ఒకటిగా కలిపి అమ్మకానికి పెట్టాడు. అలా ఒక పిల్లవాడి మోకాళ్ళ కోసం పుట్టిన వస్తువు పక్కన రోజూ గొంతుకూర్చుని నేను నా మోకాళ్ళు పోగొట్టుకున్నాను.

తొట్టితోపాటు ఒక చిన్న నీలం పెట్టె వచ్చింది. ఏదో బహుమతి అనుకుని తెరిచాను. పరీక్షనాళికలు. డ్రాపర్లు. ఫినాల్ రెడ్. గుండె జారిపోయింది. తాళం వేసిన గది నన్ను వెతుక్కుంటూ పదమూడువేల కిలోమీటర్లు వచ్చినట్టుంది.

సిద్ధాంతం చాలా సులువు, పరీక్షకు ముందురోజు రాత్రి అన్నీ సులువుగానే ఉంటాయి. పీహెచ్, అంటే నీళ్ళు ఆమ్లం వైపు ఉన్నాయో క్షారం వైపు ఉన్నాయో చెప్పే అంకె, 7.2 కూ 7.8 కూ మధ్య ఉండాలి. తగ్గితే నీళ్ళు హీటరును కొరుకుతాయి, పెరిగితే గార కడతాయి, క్లోరిన్ కూడా చేవ చచ్చి పడి ఉంటుంది. ఈ పీహెచ్ కొలతను 1909లో ప్రతిపాదించినవాడు డెన్మార్క్‌కు చెందిన సోరెన్‌సెన్. ఆయన పనిచేసింది కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీవారి ప్రయోగశాలలో. ఆ సంగతి మా లెక్చరర్ ఒక్కసారి చెప్పి ఉంటే వెనక బెంచీ అంతా శాస్త్రజ్ఞులయ్యేవాళ్ళం. ఇక క్షారత, అంటే పీహెచ్‌ను ఊగిపోకుండా పట్టి ఉంచే గుణం, 80 నుంచి 120 పీపీఎం (పది లక్షల పాళ్ళలో అన్ని పాళ్ళు). క్లోరిన్ 3 పీపీఎంకు తగ్గకూడదు. నీళ్ళు 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. ఆ వేడికి క్లోరిన్ నిలవదు, పొద్దున వేసింది సాయంత్రానికి ఉంటుందన్న నమ్మకం లేదు.

ఆచరణలో ఇది కప్పల తక్కెడ. క్షారత తక్కువగా ఉందని సోడా వేస్తాను. పీహెచ్ కూడా దానితోపాటు లేస్తుంది. దాన్ని దించడానికి ఆమ్లం వేస్తాను. పీహెచ్ దిగుతూ దిగుతూ క్షారతను కూడా లాక్కుపోతుంది. మందులు కలవాలని జెట్లు, అంటే తొట్టి గోడల్లోంచి నీళ్ళు చిమ్మే రంధ్రాలు, వేస్తాను. నీళ్ళు గాలితో చిలికినట్టయి, అందులోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి, పీహెచ్ మళ్ళీ అటకెక్కుతుంది. నేను ఇంట్లోకి వెళ్ళి టీ తాగుతాను.

సోడా అన్నాను కదా. దుకాణంలో దాని పేరు క్షారత పెంచే మందు. డబ్బా మీద నీలి సముద్రం, ఎగురుతున్న డాల్ఫిన్. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో సోడియం బైకార్బనేట్ అని ఉంది. అంటే మా ఆవిడ మిరపకాయ బజ్జీల పిండిలో వేసే వంట సోడా. డాల్ఫిన్ లేని ప్యాకెట్టుకు నాలుగో వంతు ధర కూడా లేదు. అప్పటినుంచి నేను వంటింటి డబ్బాలోంచే గుప్పెడు గుప్పెడు తీస్తున్నాను. మా ఇంట్లో బజ్జీలు గట్టిపడడానికి కారణం శనగపిండి అని మా ఆవిడ ఇప్పటికీ నమ్ముతోంది. ఈ వ్యాసం ఆమె చదవదని నా నమ్మకం.

కాల్షియం కథ ఇంకా గొప్పది. హైదరాబాదులో మా ఫ్లాటుకు బోరు నీళ్ళు. కుళాయి మూతికి తెల్లటి గడ్డలు, బకెట్టు లోపల గరుకుగా చారలు, గీజరులో రాయిలా పేరుకున్న సున్నం. ఇంట్లో ఎవరికి జుట్టు ఊడినా నేరం బోరు నీళ్ళది. బాథెల్‌లో మాకు వచ్చేవి కాస్కేడ్ కొండల్లో పుట్టిన టోల్ట్ నది నీళ్ళు. పరీక్షిస్తే కాఠిన్యం 30 దగ్గరే ఆగింది. ఇంత మెత్తటి నీళ్ళు తొట్టికి పనికిరావట, నురగలు కక్కుతాయట, 150 కి తగ్గకుండా చూసుకోవాలట. కనుక డబ్బులిచ్చి కాల్షియం క్లోరైడ్ కొని, తూచి, బకెట్టులో కరిగించి, పోశాను. ఈ సంగతి ఫోనులో చెబితే మా అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అంత దూరం వెళ్ళి బోరు నీళ్ళు తయారు చేసుకుంటున్నావా నాయనా?" అంది.

మా అత్తగారూ మామగారూ ఆరు నెలలకని వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. మామగారు కెమిస్ట్రీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. వచ్చిన మూడోరోజు నేను క్లోరిన్ పరీక్ష చేశాను. మందు వేస్తే నీళ్ళు గులాబీ రంగుకు తిరగాలి. తిరగలేదు. క్లోరిన్ సున్నా అన్నమాట. రెండు చెంచాలు వేశాను. మళ్ళీ సున్నా. ఇంకో మూడు వేశాను. సున్నా. ఈలోగా మామగారు గళ్ళ లుంగీ కట్టుకుని తొట్టిలో దిగారు. లేచేసరికి లుంగీలో గళ్ళు దాదాపుగా లేవు.

ఆయన కోప్పడలేదు. పరీక్షనాళిక చేతిలోకి తీసుకుని దీపం కింద పెట్టి చూశారు. "అల్లుడుగారూ, క్లోరిన్ లేకపోవడం కాదండీ. మరీ ఎక్కువై సూచిక రంగునే విరిచేసింది. కాస్త ఉంటే పట్టుబడుతుంది, హద్దు దాటితే అసలు లేనట్టే కనిపిస్తుంది. మా రోజుల్లో కొందరు ఆఫీసర్లు ఇలాగే ఉండేవారు." తరవాత అడిగారు: "ఇంటర్ ప్రాక్టికల్స్‌లో మీకు ఎన్ని వచ్చాయి?"

"30కి 30 అండీ."

ఏ ఊరు, ఏ సంవత్సరం అని ఆరా తీశారు. చెప్పాను. ఆయన చాలాసేపు వానను చూస్తూ ఉండిపోయారు. "ఆ సంవత్సరం ఆ ఊరికి ఎక్స్‌టర్నల్‌గా వచ్చింది నేనే. భోజనంలో కోడికూర చాలా బాగుంది," అన్నారు.

పాపం ఆయనకు ఆ రాత్రి నిద్రపట్టినట్టు లేదు. తెల్లారేసరికి నన్ను నిజంగా పాస్ చేయించే బాధ్యత నెత్తిన వేసుకున్నారు. చుక్కలతో కొలిచే అసలు సిసలు టైట్రేషన్ పెట్టె తెప్పించారు. 10 మిల్లీలీటర్ల నీళ్ళు, చిటికెడు పొడి, ముదురు గులాబీ. ఆపైన ఒక్కొక్క చుక్క వదులుతూ, నాళికను తిప్పుతూ, రంగు పూర్తిగా పోయేదాకా లెక్కపెట్టాలి. చుక్కకు 0.5 పీపీఎం. ఆరు చుక్కలైతే మూడు. ఏడో చుక్కకు రంగు పోయిందా, ఆరుకే పోయిందా అని నేను తడబడితే మళ్ళీ మొదటి నుంచీ చేయాలి. రెండు రీడింగులు ఒకటే వచ్చేదాకా నాకు అన్నం లేదు. రికార్డు పుస్తకం కొనిపించారు. ఉద్దేశం, పరికరాలు, సూత్రం, విధానం, పట్టిక. ఎడమ పేజీలో తొట్టి బొమ్మ, పెన్సిలుతో. జెట్లు 24 ఉంటే 23 గీశానని పేజీ చించేశారు.

పరిశీలనకు కొదవ లేదు. ఒక ఆదివారం అత్తగారు నువ్వులనూనెతో తలంటు పోసుకుని, కుంకుడు రసం సగం తలలోనే ఉంచుకుని, వేడినీళ్ళు కదా అని తొట్టిలో దిగి జెట్లు వేశారు. నిమిషంలో ఆవిడ గడ్డం దాకా నురగ. రెండో నిమిషంలో ఆవిడ కనిపించలేదు. తెల్లటి నురగ మెట్లు దిగి, పచ్చిక దాటి, కంచె సందుల్లోంచి పక్కింటివారి గులాబీ మొక్కలను పలకరించింది. మామగారు ముందు "సపోనిన్లు!" అని కుంకుడులో నురగ పుట్టించే పదార్థాల పేరు చెప్పారు, ఆ తరవాతే భార్యకు చెయ్యి అందించారు.

దీపావళికి నాలుగు కుటుంబాలు వచ్చాయి. మర్నాడు మూత తీస్తే ఘాటు. క్లోరిన్ ఎక్కువేశావని అందరూ నన్నే అన్నారు. వాళ్ళకు ప్రాక్టికల్స్ లేవు కనుక తెలియదు. ఆ కంపు క్లోరిన్ ఒక్కదానిది కాదు, క్లోరిన్ వెళ్ళి మనుషుల చెమటతోనూ, మూత్రంతోనూ కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్లది. దానికి విరుగుడు ఇంకాస్త క్లోరిన్ వేయడమే. పట్టికలో అంకె స్పష్టంగా ఉంది, ఎవరన్నది మాత్రం పరీక్ష చెప్పదు. దిగినవారు ఎనిమిది మంది, వారిలో ఆరుగురు పిల్లలు. నా అనుమానం మిగిలిన ఇద్దరి మీద.

ఇంత అవస్థ ఎందుకు, పీకి పారేయరాదా అని మా ఆవిడ అంది. పారేయవచ్చు, కాని ఉంచుకుంటే మాత్రం పరీక్ష మానడానికి లేదు. 1999లో నెదర్లాండ్స్‌లో బోవెన్‌కార్స్‌పెల్ అనే ఊళ్ళో పూల ప్రదర్శన జరిగింది. అక్కడ చూడడానికని ఇలాంటి తొట్టి ఒకటి పెట్టారు. నీళ్ళలో లెజియొనెల్లా అనే బాక్టీరియా చేరింది. తొట్టిలో దిగనివాళ్ళు, కేవలం పక్కనుంచి పూలు చూస్తూ నడిచి ఆ తుంపర పీల్చినవాళ్ళు, జబ్బుపడ్డారు. ముప్పై మంది దాకా చనిపోయారు. మామగారు ఈ సంగతి చెప్పినరోజు రికార్డులో ఎవరూ ఏమీ రాయలేదు. నేను మాత్రం ఆ రాత్రి రెండుసార్లు కొలిచాను.

విద్యారంగానికి నాదొక ప్రతిపాదన. కాలేజీల్లో ప్రయోగశాలలు మూసేసి (మూసే ఉన్నాయి కనుక ఖర్చేమీ లేదు) పిల్లలకు తలా ఒక వేడినీళ్ళ తొట్టి ఇవ్వాలి. తప్పు చేస్తే మార్కులు పోవు, చర్మం మీద దద్దుర్లు వస్తాయి. దద్దుర్లకు కోడికూర పెట్టి లాభం లేదు.

నీళ్ళు మార్చడానికి కూడా లెక్క ఉంది. గ్యాలన్లను మూడుతో భాగించి, వచ్చినదాన్ని రోజుకు దిగేవాళ్ళ సంఖ్యతో భాగిస్తే అన్ని రోజులకోసారి తొట్టి ఖాళీ చేయాలి. 400 గ్యాలన్లు, నలుగురం, 33 రోజులు. ఆ నీళ్ళు వీధి తూములోకి వదలకూడదు, అది సాల్మన్ చేపలు వచ్చే వాగులోకి పోతుంది. ఇంటి మురుగు గొట్టంలోకి బకెట్లతో మోయాలి. మోసి, మళ్ళీ నింపి, మళ్ళీ బోరు నీళ్ళు తయారుచేసి, మొన్న శనివారం కొలిస్తే పీహెచ్ 7.4. క్షారత 90. కాఠిన్యం 180. క్లోరిన్ ఎనిమిది చుక్కలు, రెండుసార్లూ ఎనిమిదే. దీపం కింద నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మామగారు జేబులోంచి ఎర్ర సిరా పెన్ను తీశారు.

"ఎవరూ దిగకపోతే ఎన్ని రోజులు వస్తాయండీ?" అని అడిగాను.

"సున్నాతో భాగించాలి," అన్నారు. "అనంతం."

అంతలో తలుపు తెరుచుకుంది. మా ఆవిడ భుజాన తువ్వాలుతో చెప్పులు వేసుకుంటూ, "ఏమండీ, నీళ్ళు సిద్ధమేనా?" అంది. మామగారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన అటు, నేను ఇటు పట్టుకుని మూత మూసేశాం.