మా ఊరికి ఇంకా రాని బ్యాంకు శాఖ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్యాంకు శాఖ గారి దివ్య సముఖమునకు,

పార్వతీపురం మన్యం జిల్లాలో, ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉండి తమరు మాత్రం లేని ఒక ఊరి నుంచి, ఆ కళాశాలలో కామర్స్ పాఠాలు చెప్పుకొని బతికే అధ్యాపకుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం కూడా అడగాలనే ఉంది గానీ, లేనివారిని కుశలమడిగే పద్ధతి ఏ లేఖావళిలోనూ కనిపించలేదు.

ముందుగా తమరిని అభినందించాలి. తమరి కౌంటరు దగ్గర తోపులాట జరిగిందని ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. సర్వర్ పనిచేయడం లేదని తమరు ఎవరినీ వెనక్కి పంపలేదు. భోజన విరామమని తలుపు వేసుకున్నారన్న నింద కూడా తమరికి తగలదు; వేయడానికి తలుపే లేదు. నేను తరగతిలో బేరర్ చెక్కుకూ ఆర్డర్ చెక్కుకూ తేడా చెబుతాను, క్రాసింగ్‌లో రకాలను బోర్డు మీద గీసి చూపిస్తాను, పిల్లలు అక్షరం పొల్లుపోకుండా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. మీలో చెక్కును చేత్తో పట్టుకున్నవాళ్ళు ఎవరని అడిగితే మాత్రం ఒక్క చెయ్యీ లేవదు. కంటికి కనిపించనిదాన్ని శబ్దప్రమాణంగా నమ్మడం మన తర్కశాస్త్రం ఒప్పుకున్నదే కాబట్టి సిలబస్‌కు ఏ లోటూ రాలేదు.

అయితే తమరు మా ఊళ్ళో లేరనడం కాగితాల ప్రకారం నేరమే అవుతుందేమో. 2017 మే నెలలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఒక స్థిరమైన చోట రోజుకు కనీసం నాలుగు గంటలు, వారానికి కనీసం అయిదు రోజులు సేవ అందితే చాలు, అక్కడ కూర్చున్నది బ్యాంకు ఉద్యోగి అయినా, బ్యాంకు నియమించుకున్న ప్రతినిధి అయినా దాన్ని బ్యాంకింగ్ అవుట్‌లెట్ కిందే లెక్క వేస్తారు. ఆ లెక్కన తమరు మా ఊళ్ళో ఒక కిరాణా కొట్టుగా, సబ్బుల అరకూ ఉల్లిపాయల గోనెకూ మధ్య, ఒక వేలిముద్ర మిషను రూపంలో అవతరించే ఉన్నారు. ఆ కొట్టు యజమానిని నేను తప్పుపట్టను. బ్యాంకు తనకిచ్చే కమిషన్ కరెంటు బిల్లుకైనా చాలదని అతని గోడు; అందుకే ఉచితంగా చేయవలసిన పనికి వెయ్యికి పదో ఇరవయ్యో తీసుకుంటాడు. అసలు తమాషా అతని గల్లాపెట్టెలో ఉంది. అతను మిషను మీద ఇచ్చే నోట్లు ఏ బ్యాంకు ఖజానా నుంచీ వచ్చినవి కావు, ఆ రోజు అమ్మిన సరుకు మీద వచ్చినవి. సంత రోజున నగదు ఉంటుంది, మిగతా రోజుల్లో ఉండదు. అంటే ద్వితీయ సంవత్సరం విద్యార్థి మెస్ బిల్లు కట్టాలంటే ముందు ఊరివాళ్ళు తగినన్ని సబ్బులు కొని ఉండాలి. గిరాకీ, సరఫరా అనే పాఠాన్ని ఇంత చక్కగా చూపించే ప్రయోగశాల మరే కళాశాలకూ లేదు.

గల్లాలో నగదు ఉన్నా ఒక విడతకు పదివేలు దాటదు. ఆ పదివేలు కూడా వేలిముద్ర పడితేనే. మా పిల్లల తల్లుల్లో చాలామంది జీడిపిక్కలు ఒలిచే పనికి వెళతారు. జీడి అంటితే చర్మం కాలి పొక్కిపోతుంది. సీజను పొడుగునా ఆ పని చేసిన వేళ్ళ మీద గీతలు మిగలవు. కొడుకు చదువు కోసం చేసిన పనే కొడుకు చదువు సొమ్ముకు అడ్డుపడుతుంటే, కొట్టు ముందు నిలబడి చీర కొంగుతో వేలు తుడిచి తుడిచి మళ్ళీ పెట్టే తల్లిని చూసి మిషను ‘మళ్ళీ ప్రయత్నించండి’ అని మర్యాదగా చెబుతుంది. తపాలా శాఖ వారి పేమెంట్స్ బ్యాంకు 2018లో వచ్చాక పోస్టుమ్యాన్ కూడా ఇలాంటి మిషనే పట్టుకొస్తున్నాడు. అతని మర్యాద ఇంకా ఎక్కువ, వేలి మీది గీతలు మాత్రం అవే.

ఇక పథకాల సంగతి. వాటి మంచిచెడ్డలు చర్చించడం నా ఉద్దేశం కాదు. అవి తమరు ప్రతి ఊళ్ళోనూ కొలువై ఉన్నారన్న నమ్మకంతో రాసినవని మాత్రమే చెబుతున్నాను. కళాశాల ఫీజు కోసం ప్రభుత్వం ఇచ్చిన విద్యా దీవెన సొమ్మును తల్లుల ఖాతాల్లో వేసిన రోజుల్లో తల్లి బ్యాంకుకు వెళ్ళవలసి వచ్చింది. తర్వాత తల్లీ బిడ్డల ఉమ్మడి ఖాతా కావాలన్నారు, ఇద్దరూ వెళ్ళవలసి వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం మారి, ఫీజు సొమ్ము నేరుగా కళాశాలలకే పంపుతామంది. అప్పటికే తెరిచిన ఉమ్మడి ఖాతాను ఏం చేసుకోవాలో అడగడానికి మళ్ళీ ఇద్దరూ వెళ్ళారు. హాస్టలు, భోజనం ఖర్చులకని పెట్టిన వసతి దీవెన కింద డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 రూపాయలు రెండు విడతలుగా ఇవ్వాలన్నారు. విడతకొక కూలి రోజు, ఇద్దరి బస్సు ఛార్జీలు, పట్నంలో జెరాక్సులు, హోటల్లో ఒక పూట భోజనం పోగా మిగిలిందే దీవెన.

సొమ్ము పడిందన్న కబురు వాట్సాప్‌లో తిరిగిన మర్నాడు నా హాజరుపట్టీ చూస్తే తమరికి తమరి పలుకుబడి అర్థమవుతుంది. వానలకూ జ్వరాలకూ రాని ఖాళీలు ఆ రోజు వస్తాయి. మొదటి బస్సుకు వెళ్ళిన పిల్ల పట్నంలోని తమరి సోదర శాఖ ముందు వరుసలో నిలబడుతుంది. తన వంతు వచ్చేసరికి, సొమ్ము ఈ ఖాతాలో కాదు, వేరే ఖాతాలో పడిందని చెబుతారు. ఆధార్ మీద వచ్చే సొమ్ము, ఆధార్‌ను ఆఖరిసారి ఏ ఖాతాకు జోడించారో దాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఇంటర్మీడియెట్ విశాఖపట్నంలో చదివినప్పుడు అక్కడ తెరిచిన ఖాతాయే ఆఖరిది కాబట్టి, కొండ కింద మెస్ బకాయి పెరుగుతుంటే సొమ్ము సముద్రతీరంలో సేద తీరుతోంది. అక్కడికి వెళితే, రెండేళ్ళుగా లావాదేవీ లేదు గనుక ఖాతా నిద్రపోయిందంటారు. స్కాలర్‌షిప్పుల కోసం తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాలను ఆ కారణంతో నిద్రపుచ్చకూడదని 2024 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది, ఆ ఏడాది ఏప్రిల్ నుంచి అది అమలులోకి వచ్చింది. ఈ సంగతి పిల్లలకు నేను తరగతిలో చెప్పాను. కౌంటరు అవతల ఉన్నవారికి ఎవరు చెప్పాలో తెలియడం లేదు.

ఏటీఎం ఉందిగా అని తమరి బంధువులు అంటారు. పట్నంలో ఉంది. అందులో అయిదు వందల నోట్లే ఉంటాయి. ఖాతాలో నాలుగు వందల అరవై ఉన్న విద్యార్థి దాని అద్దంలో జుట్టు సరిచేసుకొని రావచ్చు. ఉచిత పరిమితి దాటాక ఒక్కో విత్‌డ్రాయల్‌కు 23 రూపాయల దాకా వసూలు చేసుకోవచ్చని 2025 మే 1 నుంచి అనుమతి ఉంది. ఆ రేటు ప్రకారం చూస్తే, ఏమీ ఇవ్వకుండా పంపించడం కూడా ఒక రకం పొదుపు పథకమే.

ఫోన్‌లోనే బ్యాంకు ఉన్న కాలంలో శాఖ ఎందుకయ్యా అని హైదరాబాదులో స్థిరపడిన నా మిత్రుడొకడు అడిగాడు. 2016లో యూపీఐ వచ్చినప్పుడు నేనూ సంతోషించినవాణ్ణే. కానీ దాని పిన్ పెట్టుకోవాలంటే బ్యాంకులో నమోదైన నంబరు చేతిలో పనిచేస్తూ ఉండాలి, డెబిట్ కార్డయినా, ఆధార్ ఓటీపీ అయినా ఉండాలి. మా పిల్లల ఖాతాల్లో ఉన్నది తండ్రి పాత సిమ్ నంబరు. రీఛార్జి చేయక అది రద్దయింది, ఇప్పుడు మరెవరి చేతిలోనో మోగుతోంది. నంబరు మార్చాలంటే శాఖకు వెళ్ళాలి. శాఖ అవసరం లేకుండా చేసే సౌకర్యం పొందడానికి ముందుగా శాఖకు వెళ్ళాలన్నమాట. పైగా ఈ ఊళ్ళో కూలి చేతికి నోట్లుగానే వస్తుంది. ఆ నోట్లు ఫోన్‌లోకి దూరాలన్నా ఎవరో ఒకరు పుచ్చుకొని జమ చేయాలి.

కాబట్టి మా వసతిగృహంలో పిల్లలు తమరి పని తామే చేసుకున్నారు. ఫోన్‌పే పనిచేసే కుర్రాడొకడు అందరి దగ్గరా నగదు తీసుకొని పరీక్ష ఫీజులు కట్టేవాడు, వాళ్ళ అన్నలు చెన్నై నుంచి పంపిన డబ్బు తన ఖాతాలో వేయించుకొని నోట్లు ఇచ్చేవాడు. అయిదు నిమిషాల్లో పని, ఫారం లేదు, ఫొటో లేదు. వేళలూ తమరి సోదర శాఖల కన్నా మెరుగు, రాత్రి పదింటికి కూడా తెరిచే ఉండేది. ఒకనాడు ఎవరి తరఫునో వచ్చిన సొమ్ము సైబర్ మోసం తాలూకుదని తేలి, అతని ఖాతా స్తంభించింది. దానితో పాటు సగం వసతిగృహం పరీక్ష ఫీజూ అందులోనే ఆగిపోయింది. ఇతరుల డబ్బును తన ఖాతా మీదుగా నడిపించడం తప్పని అతనికి నేను చెప్పవలసి వచ్చింది. మరి ఎలా నడిపించాలి సార్ అని అతను అడిగాడు. దానికి జవాబు చెప్పవలసినవారు తమరు. అప్పటికి నేను బోర్డు తుడుచుకున్నాను.

తమరి వంశం సామాన్యమైనది కాదని నాకు తెలుసు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు వంటివారు తమరి పెద్దలు. ఆ పేరు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పల్లెలకు అప్పు అందాలని 1969లో 14 బ్యాంకులను జాతీయం చేశారు, అది చాలదని 1975లో గ్రామీణ బ్యాంకులు పెట్టారు, 2014లో జన్‌ధన్ ఖాతాలు తెరిచారు, 2025 మేలో రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నింటినీ ఒక్కటి చేశారు. ఇన్ని మలుపుల్లోనూ పేర్లూ, బోర్డులూ, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లూ మారాయి. మా ఊరి బస్టాండు పక్కన తమరికి అద్దెకు ఇస్తామని వేసిన రెండు గదుల డాబా మాత్రం ఎరువుల గోదాముగా స్థిరపడింది.

విద్యా రుణం విషయం కూడా మనవి చేయాలి. నా విద్యార్థిని ఒకామెకు దూర ప్రాంతంలో పీజీ సీటు వచ్చింది. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగనక్కర లేని రుణాలున్నాయని పాఠంలో చెప్పింది నేనే. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు నింపుతూ ఏ శాఖ అన్న చోటికి వచ్చి ఆమె ఆగిపోయింది. పట్నంలో ఒక శాఖను ఎంచుకుంటే, మీ ఊరు మా సర్వీస్ ఏరియాలోకి రాదని వారి జవాబు. ఆ కారణంతో విద్యా రుణం దరఖాస్తులు తిరస్కరించకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసి ఆమె చేతికిచ్చి పంపాను. మేనేజరు గారు చదివి, బాగుందన్నారు. ప్రాంతీయ కార్యాలయానికి రాసి కనుక్కుంటామన్నారు. సీటు రుసుము గడువు వారి ఉత్తరప్రత్యుత్తరాల కోసం ఆగలేదు. ఆమె ఇప్పుడు పట్నంలో బట్టల దుకాణంలో బిల్లులు కొడుతోంది. దుకాణానికి ఎదురుగానే ఆ శాఖ.

ప్రస్తుతం నన్ను వేధిస్తున్న సమస్య ఒకటుంది, దాని కోసమే ఈ లేఖ. పరీక్షకు కూర్చోవాలంటే 75 శాతం హాజరు ఉండాలి. బ్యాంకు పనుల మీద తిరిగి హాజరు తగ్గినవారు మినహాయింపు రుసుము చెల్లించాలి. ఆ రుసుమును నగదుగా కళాశాల తీసుకోదు. ఆన్‌లైన్‌లోగానీ బ్యాంకులోగానీ కట్టి రసీదు తేవాలి. రసీదు కోసం పట్నం వెళ్ళిన రోజుకు నేను మళ్ళీ గైర్హాజరు వేయాలి. ఈ లెక్క ఎక్కడ ఆగుతుందో కామర్స్ విభాగంలో ఎవరికీ తేలలేదు, గణితం వారికి అప్పగించాం.

కనుక తమరు ఈ నెలాఖరులోగా, రుసుము గడువు ముగిసేలోపు, మా ఊరికి ఒకసారి దయచేయవలసిందిగా ప్రార్థన. ఏసీ అవసరం లేదు. నంబరు మార్చే అధికారం, ఖాతా మేల్కొలిపే అధికారం ఉన్న ఒక ఉద్యోగి, వారానికి రెండు రోజులు, సంత రోజు అందులో ఒకటిగా ఉంటే చాలు. బల్లా కుర్చీ కళాశాల ఇస్తుంది, ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు.

ఇట్లు,
తమ రాకకై ఎదురుచూసే
ఒక కామర్స్ అధ్యాపకుడు

జతపరచినవి: ఆధార్ నకలు, పాన్ నకలు, చిరునామా ధ్రువీకరణ, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు రెండు. అన్నింటి మీదా సంతకం చేశాను. సంతకం పాత సంతకంతో సరిపోలకపోతే దయచేసి లేఖను తిప్పి పంపకండి. పాత సంతకం పెట్టిన శాఖ ఇప్పుడు లేదు.